ఓడినవాడికి ఇంకో ఆట ఉందా?

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో అసెంబ్లీ స్థానాలు పది. 2019లో పదికి పదీ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో పదికి పదీ తెలుగుదేశం గెలిచింది. ఈ రెండు ముక్కలే విన్న బయటి మనిషికి, ఐదేళ్లలో జిల్లా జనమంతా మూకుమ్మడిగా మనసు మార్చుకున్నారని అనిపిస్తుంది. ఓట్ల లెక్క చూస్తే అలా ఉండదు. 2019లో రాష్ట్రంలో ఓడిపోయిన తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 23. 2024లో ఓడిపోయిన వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు 39 శాతమే వచ్చాయి, సీట్లు 11. అంటే రెండుసార్లూ నూటికి నలభై మందికి కాస్త తక్కువగా ఓడిన పార్టీ వెంటే ఉన్నారు. ఓట్లలో ఓటమి ఒక సైజులో ఉంది, సీట్లలో ఇంకో సైజులో ఉంది.

ఎవరు ఓడినా మన నోటికి ఒకటే ఓదార్పు వస్తుంది: గెలుపోటములు సహజం, ఈసారి కాకపోతే వచ్చేసారి. సెమీస్‌లో ఓడిన కాలేజీ జట్టుకు చెప్తాం, డిపాజిట్ పోయిన అభ్యర్థికి చెప్తాం, గుంటలో రొయ్య చచ్చిపోయిన రైతుకూ అదే చెప్తాం. మొదటి ఇద్దరి విషయంలో ఆ మాట నిజం. మూడో మనిషి విషయంలో చాలాసార్లు అబద్ధం. తేడా ఆ మనిషి గుండె ధైర్యంలో లేదు. ఓడిన మర్నాడు మళ్లీ బరిలోకి దిగే హక్కు అతనికి ఎవరైనా రాసిపెట్టారా, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నదాంట్లో ఉంది.

ఆటలో ఓటమి

ఆటతో మొదలుపెడితే లెక్క సులువు. సంక్రాంతికో తిరునాళ్లకో ప్రకాశం జిల్లా ఊళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు. ఒంగోలు జాతి ఎడ్ల జతలు వస్తాయి. ఎడ్ల పళ్లను బట్టి, అంటే వయసును బట్టి విభాగాలు: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎంత దూరం లాగిందో కొలిచి, అడుగులు, అంగుళాలతో సహా మైకులో చదువుతారు. బహుమతి ఒక్కటే ఉండదు, ఐదో ఆరో దాకా ఉంటాయి. ఆరో స్థానంలో నిలిచిన జత యజమానిని కదిలిస్తే, కిందటి పోటీ కంటే తన జత ఎన్ని అడుగులు ఎక్కువ లాగిందో చెప్తాడు. పక్క ఊరి పోటీ ఎప్పుడో కూడా చెప్తాడు. అక్కడ ఓటమిని అడుగుల్లో కొలుస్తారు కాబట్టి, దాన్నుంచి వచ్చేసారికి ఎంత కావాలో తెలుస్తుంది.

ఎదురెదురుగా ఆడే ఆటలో కథ వేరు. 2023 వన్డే ప్రపంచకప్‌లో భారత్ వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి, నవంబర్ 19న అహ్మదాబాద్‌లో పదకొండోది ఓడింది. ఆస్ట్రేలియా మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి, ఆఖరికి కప్పు పట్టుకెళ్లింది. లీగ్ దశలో ఓటమిని తర్వాతి మ్యాచ్‌లో కడుక్కోవచ్చు, ఫైనల్లో ఓటమిని కడుక్కునేందుకు ఆ టోర్నీలో ఇంకో రోజు లేదు. అంటే ఎంత ఓడాం అన్నదానికంటే ఎప్పుడు ఓడాం అన్నదే బరువు. 2019 ఫైనల్ ఇంకా విచిత్రం. ఇంగ్లండ్, న్యూజిలాండ్ ఇద్దరివీ 241 పరుగులే. సూపర్ ఓవర్లో ఇద్దరివీ 15 పరుగులే. బౌండరీలు లెక్కేసి, 26 కొట్టిన ఇంగ్లండ్‌కు కప్పు ఇచ్చారు, 17 కొట్టిన న్యూజిలాండ్‌ను ఓడినట్టు చెప్పారు. ఒక్క పరుగు కూడా వెనకబడకుండా ఒక జట్టు ప్రపంచకప్ పోగొట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఐసీసీ ఆ నియమాన్ని మార్చేసింది. ఎవరు ఓడారన్నది ఆటగాళ్ల కాళ్లూ చేతులే కాదు, నియమం రాసిన కలం కూడా తేలుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పంట నష్టం దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

ఆటలు నడిపేవాళ్లకు మరో విషయం బాగా తెలుసు. ఓడేవాడు లేకపోతే ఆటే లేదు. అందుకే ఓడినవాడిని కాపాడే ఏర్పాట్లు నియమాల్లోనే పెడతారు. ప్రో కబడ్డీ లీగ్‌లో చాలా సీజన్ల పాటు ఏడు లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడిన జట్టుకూ ఒక పాయింటు ఇచ్చారు. బాక్సింగ్‌లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. కుస్తీలో అయితే రెపిచేజ్ అని ఉంది: నిన్ను ఓడించిన మనిషి ఫైనల్ దాకా వెళ్తే నీకు కాంస్యం కోసం ఇంకో దారి తెరుచుకుంటుంది. 2016 రియోలో సాక్షి మలిక్ క్వార్టర్‌ఫైనల్లో రష్యా అమ్మాయి చేతిలో ఓడింది. ఆ అమ్మాయి ఫైనల్‌కు చేరింది కాబట్టే సాక్షి మళ్లీ మ్యాట్ ఎక్కి పతకం తెచ్చుకుంది. తనను ఓడించినవాళ్లు గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకునే పరిస్థితి ఇంకెక్కడా కనిపించదు.

ఓట్లలో ఓటమి

రాజకీయాల్లో ఓడినవాడి చోటు చట్టంలోనే రాసి ఉంది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి వస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు. అసెంబ్లీకి అది 10 వేలు, లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. ఫలితం మీద అనుమానముంటే 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. అన్నిటికంటే పెద్దది, ఐదేళ్లకు మళ్లీ ఎన్నిక వస్తుందన్న భరోసా. పదవి పోయినవాడు పదవిని శాంతంగా వదిలిపెట్టేది ఆ భరోసా మీదే.

నేరుగా ఓట్లతో గెలవకపోయినా దారులు మూసుకుపోవు. నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు 1978లో, 1983లో ఉదయగిరి ఎమ్మెల్యే. 1996లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. లోక్‌సభకు ఆయన ఎన్నడూ గెలవలేదు. 1998లో రాజ్యసభకు వెళ్లారు, కేంద్ర మంత్రి అయ్యారు, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషి జీవితం చూస్తే ఓటములు ఎన్ని రకాలో ఒక్కచోటే తెలుస్తుంది. టంగుటూరి ప్రకాశం 1946లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి సొంత పార్టీ వాళ్లే దించేశారు. 1952 ఎన్నికల్లో మద్రాసు నగరంలో ఓటర్లు ఓడించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఆ ఓడిన మనిషే తొలి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో వచ్చిన అవిశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వమూ పడిపోయింది. పార్టీలో ఓటమి, ఓటరు చేతిలో ఓటమి, సభలో ఓటమి. ఈ మూడింటి నుంచీ ఆయన ఏదో ఒక రూపంలో బయటికొచ్చారు, ఎందుకంటే ఆ మూడింటికీ తర్వాతి అధ్యాయం ఉంది. నాలుగోది ఆస్తి విషయంలో జరిగింది. బారిస్టరుగా లక్షలు సంపాదించిన మనిషి 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి, దాని మీదా ఉద్యమం మీదా ఉన్నదంతా పోశారు. పత్రిక నిలబడలేదు. పోయిన ఆస్తి తిరిగి రాలేదు, 1957లో పేదగానే కన్నుమూశారు. ఆయన్ని మనం దేవుడిలా తల్చుకుంటాం, తల్చుకోవాలి కూడా. కానీ ఆ నాలుగో ఓటమి నుంచి ఆయన్ని లేవదీసే ఏర్పాటు ఏదీ అప్పుడు లేదు.

ఎన్నికల్లో ఓడిన పెద్ద నాయకుడి గురించి టీవీల్లో వారాల తరబడి చర్చ జరుగుతుంది. ఆయన కింద ఊళ్లో పనిచేసిన మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ప్రభుత్వం మారితే చిన్న చిన్న పనుల బిల్లులు ఆగుతాయి. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు, రేషన్ డీలరు మారిపోతారు. ఏ పార్టీ వచ్చినా ఇదే తంతు. నాయకుడికి ఇంకో ఎన్నిక ఉంది. ఆయన్ని నమ్మి సిమెంటు రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరుకు నెలకింత వడ్డీ ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలని ఎన్నికల సంఘం చెప్తుంది. సర్పంచి ఎన్నికకే పొలం అమ్ముకున్న కుటుంబాలు మన మండలాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. అక్కడ రాజకీయ ఓటమి ఒక్క రాత్రిలో ఆర్థిక ఓటమి అవుతుంది, దాన్ని ఐదేళ్ల తర్వాతి ఎన్నిక పూడ్చదు.

పందేలదీ ఇదే బాపతు. ఐపీఎల్ మ్యాచ్ మీదా, ఎవరికెన్ని సీట్లన్నదాని మీదా పందెం కాసినవాడు మైదానంలోనూ లేడు, బ్యాలెట్ మీదా లేడు. ఓటమి మాత్రం అతనిదే. ఇప్పుడు అది ఫోన్లోకి వచ్చింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. షేర్ మార్కెట్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు ముందు ధర ఎటు పోతుందన్నదాని మీద వేసుకునే ఒప్పందాలు) చట్టబద్ధమే, అక్కడ కూడా ఒకరి లాభం ఇంకొకరి నష్టం నుంచే రావాలి, పైన బ్రోకరేజీ, పన్నులు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ల లెక్కలు తీసిన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, వాటిలో దిగిన మామూలు వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని చెప్పింది. నూటికి తొంభై మూడు మంది ఓడే ఆటలో, ఓడినవాడికి తెలివి లేదనడం న్యాయం కాదు.

పంట ఓడలేదు, రైతు ఓడాడు

ఇక అసలు సంగతికి వద్దాం. ఆటలో అందరూ బాగా ఆడినా ఒకరు గెలుస్తారు. పంటలో అందరూ బాగా పండిస్తే అందరూ ఓడిపోవచ్చు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌కు వెళ్లేవాళ్లకు ఇది పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు. ఎండాకాలంలో కాయ బంగారం, కాపు ఒక్కసారి దిగితే కోత కూలి కూడా రాదు. ఏ రైతూ తప్పు చేయలేదు. చెట్టూ తప్పు చేయలేదు.

పొగాకులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత పండించాలో పొగాకు బోర్డు చెప్తుంది, ఆకును వేడితో ఆరబెట్టే ఒక్కో బ్యారన్‌కు ఇన్ని కిలోలని అనుమతి ఇస్తుంది. క్యూరింగ్ అయ్యాక గ్రేడు చేసి, బేళ్లు కట్టి, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి లాంటి వేలం కేంద్రాలకు తీసుకెళ్తారు. కొనేవాళ్లు పిడికెడు కంపెనీలు. బేలు మీద ఎవరూ పాట పాడకపోతే అది నోబిడ్. ఆ బేలును మళ్లీ బండి కిరాయి కట్టి ఇంటికి తెచ్చుకోవాలి, ఇంకో రోజు మళ్లీ తీసుకెళ్లాలి. వేలం పాటలో ఓడిన కంపెనీ ఇంకో బేలు చూసుకుంటుంది. పాటే రాని బేలు రైతుకు ఇంకో సీజన్ లేదు, ఆకు రంగు మారిపోతుంది, వడ్డీ ఆగదు. బ్రెజిల్‌లోనో జింబాబ్వేలోనో పంట విరగకాస్తే ఇక్కడ ధర తగ్గుతుంది. తన పొలంలో తను గెలిచిన మనిషి, చూడని దేశపు పొలం వల్ల ఓడిపోతాడు. 2015లో ధరలు కూలినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు వేయించిన కంపెనీలు కొనుగోలు దగ్గర వెనకడుగు వేస్తే, ప్రభుత్వం పంటలు కొనే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌ను దింపాల్సి వచ్చింది.

రొయ్యల్లో ఓటమి అంటువ్యాధి. అక్షరాలా. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య మీద పెట్టుబడి పోసింది. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు గుంటలుగా తుడిచిపెట్టింది. ఇప్పుడు వనామీ రకం రొయ్య, నీటిలోకి గాలి కొట్టే ఏరియేటర్లు, ల్యాబు పరీక్షలు వచ్చినా భయం అదే. వైరస్ కొట్టిన గుంట నీటిని బ్లీచింగ్ వేసి శుద్ధి చేయకుండా కాలవలోకి వదిలితే, అదే నీటిని మోటారు పెట్టి తోడుకునే పక్క రైతు కూడా పోతాడు. నష్టపోయిన మనిషి టెన్షన్‌లో త్వరగా గుంట ఎండగట్టుకోవాలనే చూస్తాడు. అతన్ని తిట్టేముందు, పదిహేను రోజులు ఆగే స్తోమత అతనికి ఉందా అని అడగాలి. మేత అప్పు మీద తెచ్చి ఉంటాడు, రొయ్య తనకే అమ్మాలని డీలరు అతని దగ్గర మాట తీసుకుని ఉంటాడు. అప్పు పెరిగేకొద్దీ రొయ్య ఎవరికి అమ్మాలి, ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఏ రేటు అన్నదాంట్లో అతని మాట చెల్లుబాటు తగ్గుతుంది. గుంట బాగున్నా 2025 ఆగస్టు లాంటిది రావచ్చు, అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కిన నెల అది. వాషింగ్టన్‌లో సంతకం పడితే ఇందుకూరుపేటలో కౌంటు రేటు పడింది.

ఒకే గట్టు మీద ఇద్దరు నిలబడి ఉంటారు, పొలం ఆసామి, కౌలు రైతు. పంట పోయింది. కౌలు ముందే కట్టించుకున్న ఆసామికి ఆ ఏడాది లాభమే. కాగితాల్లో రైతు కూడా ఆయనే కావచ్చు, అప్పుడు పరిహారం కూడా ఆయన ఖాతాలోకే వెళ్తుంది. ఓడింది ఒకరు, ఓడినందుకు వచ్చే డబ్బు ఇంకొకరికి. ఏ చేనులో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు సరిగ్గా ఎక్కడం అంత ముఖ్యమని చెప్పేది ఇందుకే.

ఓడానని ఎవరు ఒప్పుకోవాలి?

బౌండరీల లెక్కలాంటి నియమం పంట నష్టానికీ ఉంది. తుఫానులో, కరువులో పంట పోతే విపత్తు సహాయ నిధి నుంచి పెట్టుబడి రాయితీ ఇస్తారు, కానీ నష్టం 33 శాతమో అంతకు మించో ఉండాలి. 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. 30 శాతం పోయినవాడు ప్రభుత్వ లెక్కలో నష్టపోనట్టే. ఆ మూడో వంతు దాటితే 2022 నుంచి అమలైన నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, అది కూడా రెండు హెక్టార్ల వరకే. నీటి వసతి ఉన్నా ఎకరాకు ఏడు వేలకు కాస్త తక్కువే, వర్షాధారమైతే అందులో సగం. పెట్టుబడి ఎంతవుతుందో తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

పంటల బీమాలో గీత ఇంకో చోట ఉంది. దిగుబడి ఆధారంగా ఇచ్చే బీమా మీ చేను చూడదు. గ్రామాన్నో, మండలాన్నో ఒక యూనిట్‌గా తీసుకుని, అందులో కొన్ని చోట్ల పంట కోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి ముందే వేసుకున్న అంకె కంటే తగ్గితేనే డబ్బు వస్తుంది. మీ చేను మొత్తం పోయినా ఊరి సగటు బాగుంటే ఆ లెక్కలో మీరు ఓడలేదు. ప్రతి చేనుకూ మనిషిని పంపడం బీమా కంపెనీకి సాధ్యం కాదన్నది నిజమే. కానీ కష్టకాలంలో ఆసరా అని చెప్పి ప్రీమియం కట్టించుకున్నప్పుడు, ఆసరా ఊరికి, కష్టం మనిషికి అన్న సంగతి ముందే వివరించాలి.

కంపెనీ ఓటమిని చట్టం ఎంత మెత్తగా పట్టుకుంటుందో దీనితో పోల్చి చూడండి. లిమిటెడ్ కంపెనీ మునిగితే వాటాదారు పోగొట్టుకునేది వాటాగా పెట్టిన సొమ్ము వరకే. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా మోసుకెళ్లి, తర్వాత వచ్చే లాభంలోంచి తగ్గించుకుని పన్ను తక్కువ కట్టొచ్చు. 2016లో వచ్చిన దివాలా కోడ్ కింద బ్యాంకులు రావాల్సిన అప్పులో పెద్ద వాటా వదులుకుని, కంపెనీని ఇంకొకరి చేతిలో పెట్టి నడిపిస్తాయి. ఇదంతా తప్పని నేను అనను. వ్యాపారం చేసేవాడు ఓటమికి భయపడి కూర్చోకూడదనే ఈ ఏర్పాట్లు, వాటివల్ల ఉద్యోగాలు నిలబడతాయి కూడా. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి, ఆ నష్టాన్ని ముందుకు మోసుకెళ్లే వెసులుబాటూ లేదు. ఒప్పుకోవాల్సిన లెక్కే. ఒప్పుకోలేనిది ఏమిటంటే, రైతు దగ్గర నష్టాన్ని ముందుకు మోసేది వడ్డీ ఒక్కటే. దివాలా కోడ్‌లో మామూలు వ్యక్తుల కోసం రాసిన భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మిగతావాళ్లకు 1920 నాటి చట్టమే. మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటారే, ఆ దివాలా పిటిషన్ (ఇన్సాల్వెన్సీ పిటిషన్) దీని కిందదే. చీటీలు కట్టించుకుని ఐపీ పెట్టినవాళ్ల వల్ల ఆ మాట ఒక తిట్టు అయిపోయింది. దాంతో నిజంగా చితికిపోయిన మనిషి కూడా ఆ దారి తొక్కడు. పొలం అమ్ముతాడు, భార్య మెడలోది తాకట్టు పెడతాడు, హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి వెళ్తాడు.

రైతుకు రెండో అవకాశం ఇచ్చే నిబంధన అసలు లేదని కాదు. రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకృతి వైపరీత్యంగా ప్రకటించిన చోట పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే పంట రుణం తీర్చే గడువును రెండేళ్ల దాకా, 50 శాతం దాటితే ఐదేళ్ల దాకా పొడిగించవచ్చు. వచ్చే పంటకు కొత్త రుణం కూడా ఇవ్వొచ్చు. ఆలోచన సరైనదే, ఓడిన మనిషిని మళ్లీ విత్తనం దాకా తీసుకెళ్తుంది. ఇబ్బంది రెండు చోట్ల. ధర కుప్పకూలడం వైపరీత్యం కింద లెక్కకు రాదు, కాబట్టి నోబిడ్ అయిన బేళ్ల రైతుకు ఈ గడువు దొరకదు. అప్పు బ్యాంకు పుస్తకంలో కాకుండా ఎరువుల దుకాణం పుస్తకంలో ఉన్న కౌలు రైతుకు, తుఫాను వచ్చినా దొరకదు. ధర పడిన ఏడాదికి కూడా ఈ గడువు వర్తించాలి, రుణం సాగు చేసేవాడి పేరు మీద ఉండాలి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో గెలిచిన ఎమ్మెల్యేలు, ఓడిన అభ్యర్థులు, వచ్చే ఎన్నికకు ఇద్దరూ ఎలాగూ జనంలోకి వస్తారు. ఈ రెండింటి మీద వాళ్ల మాటేమిటో ముందు మన ఊరి వేలం కేంద్రం దగ్గరే అడగాలి.